పరిశోధన పత్రాన్ని నిలదీసి చదవడం: ఎంబీబీఎస్ విద్యార్థులకు ఏ పద్ధతిలో నేర్పాలి?

ఎంబీబీఎస్ విద్యార్థులకు క్రిటికల్ అప్రైజల్ (పరిశోధన పత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడం) నేర్పాలనుకున్న టీచర్ ముందు చాలా దారులు ఉంటాయి. లెక్చర్ చెప్పవచ్చు, ఒకటి రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టవచ్చు, ఒక పేపరును కలిసి చర్చించే జర్నల్ క్లబ్ నడపవచ్చు, ఆన్‌లైన్ కోర్సు చేయించవచ్చు, వార్డులో రోగి దగ్గర మొదలుపెట్టి ఒక పేపరు దాకా తీసుకెళ్లవచ్చు. ఇవి కాక ఐసీఎంఆర్ వారి ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) లాంటి చిన్న ప్రాజెక్టు చేయించవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్కటే చేయగలిగే పరిస్థితి ఉంటే వార్డు పద్ధతిని ఎంచుకోండి. రెండు చేయగలిగితే దానికి ముందు సగం రోజు వర్క్‌షాప్ పెట్టండి. జర్నల్ క్లబ్‌ది మూడో స్థానం. అది కూడా ఇప్పుడు చాలాచోట్ల నడుస్తున్న తీరు మార్చుకుంటేనే.

2019లో వచ్చిన సీబీఎంఈ (సామర్థ్యాల ఆధారిత వైద్య విద్య) పాఠ్యక్రమం మన వైద్య పట్టభద్రుడికి ఐదు పాత్రలు చెప్పింది. జీవితాంతం నేర్చుకుంటూ ఉండటం వాటిలో ఒకటి. వైద్య సాహిత్యాన్ని వెతికి, మంచి చెడ్డలు తేల్చి, రోగి వైద్యంలో వాడుకోగలగాలని అందులో స్పష్టంగానే ఉంది. ఆచరణలో ఈ బరువంతా ఎస్‌పీఎం, అంటే కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్ మీద పడుతుంది. పరీక్ష దగ్గరపడేసరికి అది కై స్క్వేర్ లెక్కగా, సెన్సిటివిటీ స్పెసిఫిసిటీ టేబుల్‌గా, కోహార్ట్‌కీ కేస్ కంట్రోల్‌కీ తేడాలు రాసే ప్రశ్నగా మిగులుతుంది. ఆ లెక్కలు తప్పు లేకుండా చేసిన పిల్లలే రేపు సొంత క్లినిక్‌లో కూర్చున్నప్పుడు, మెడికల్ రెప్ చేతిలో పెట్టిన రంగుల కాగితం మీద 'ముప్పు 50 శాతం తగ్గింది' అని చూస్తే, ఎంతలో సగం అని అడగరు. నూటికి ఇరవై మంది నుంచి పదిమందికి తగ్గినా సగమే, వెయ్యికి ఇద్దరి నుంచి ఒకరికి తగ్గినా సగమే. మనం నేర్పాల్సింది ఈ ప్రశ్న అడిగే అలవాటు. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒకే కొలతతో చూస్తాను: పరీక్ష అయిపోయాక ఇందులో ఏమైనా మిగులుతుందా?

లెక్చర్, వర్క్‌షాప్

లెక్చర్‌కి ఉన్న గొప్ప సుగుణం ఒకేసారి 150 మందికో 250 మందికో చెప్పగలగడం. బ్యాచ్‌లు ఇంత పెద్దవైనప్పుడు దాన్ని తీసిపారేయలేం. కానీ ఫలితం దగ్గర అది ఆగిపోతుంది. ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ (పరిశోధన ఆధారాలను బట్టి వైద్యం చేయడం) బోధన మీద వచ్చిన 23 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2004లో బీఎంజేలో వచ్చింది. విడిగా క్లాసు పెట్టి చెప్పినప్పుడు జ్ఞానం పెరిగింది. నైపుణ్యం, దృక్పథం, ప్రవర్తన మారలేదు. అదే బోధనను వైద్యసేవలో కలిపి చెప్పినప్పుడు నాలుగూ మెరుగుపడ్డాయి. ఇక్కడ మన పాఠాన్ని మన మీదే వాడుకోవాలి: ఆ సమీక్ష పీజీ స్థాయి బోధన గురించి, మన ప్రశ్న ఎంబీబీఎస్ గురించి. కాబట్టి దాన్ని యథాతథంగా మోసుకురాలేం. ఇక క్రిటికల్ అప్రైజల్ బోధన మీదే 2011లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు (ఒక అంశం మీద వచ్చిన ట్రయల్స్ అన్నిటినీ వెతికి కలిపి చూసే సమీక్ష) దొరికినవి మూడే ట్రయల్స్. వాటిలో జ్ఞానం కొంత పెరిగింది. రోగికి జరిగిన మేలును ఏ ట్రయలూ కొలవలేదు. ఇంత తక్కువ ఆధారంతో మనం ఎంపిక చేసుకుంటున్నామని విద్యార్థులకు కూడా చెప్పడం మంచిది.

వర్క్‌షాప్ లెక్చర్ కంటే మెరుగు, ఎందుకంటే చేతిలో పేపరు ఉంటుంది. కానీ రెండు రోజులు అక్కర్లేదు. సగం రోజు చాలు, గ్రూపుకి ఎనిమిది పదిమంది మించకుండా చూసుకోండి. విషయాలు నాలుగు పెట్టుకోండి: రిలేటివ్ రిస్క్‌కీ (ఎన్నో వంతు తగ్గింది) అబ్సొల్యూట్ రిస్క్‌కీ (నూటికి ఎంతమందికి తగ్గింది) తేడా, రాండమైజేషన్‌తో (రోగులను చీటీ తీసినట్టు గ్రూపులుగా పంచడం) పాటు ఎవరికి ఏ మందు వస్తుందో ముందే తెలియకుండా దాచడం, మధ్యలో తప్పిపోయిన రోగులను లెక్కలో ఏం చేశారు, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) ఎంత వెడల్పుగా ఉంది. ఐదోది చేర్చాలనిపిస్తుంది. చేర్చకండి. వర్క్‌షాప్ క్లినికల్ పోస్టింగ్‌లకు దగ్గరగా జరగాలి. ఆరు నెలల ముందు చెప్పింది వార్డులోకి వచ్చేసరికి గుర్తుండదు.

జర్నల్ క్లబ్

విలియం ఆస్లర్ అనే వైద్యుడు 1875లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో మొదలుపెట్టాడని చెప్పే ఈ సంప్రదాయం మన దగ్గర ప్రతి పీజీ డిపార్ట్‌మెంట్‌లో ఉంది. అందుకే చాలామంది టీచర్లు 'ఎంబీబీఎస్ వాళ్లను కూడా అందులో కూర్చోబెడదాం' అంటారు. అది సులువుగా కనిపించే దారి, కానీ ఫలితం ఇవ్వడం అరుదు. పీజీ ఒకరు నలభై స్లయిడ్లు తయారుచేసుకొస్తారు. ఇంట్రడక్షన్ చదువుతారు, మెథడ్స్ త్వరగా దాటేస్తారు, రిజల్ట్స్ టేబుళ్లు చూపిస్తారు, రచయితల కంక్లూజన్‌నే తన కంక్లూజన్‌గా చెప్పి ముగిస్తారు. హెచ్‌ఓడీ ఒకటి రెండు ప్రశ్నలు వేస్తారు. వెనక వరుసలో ఉన్న విద్యార్థి దగ్గర ఆ పేపరు కూడా ఉండదు.

ఇంటర్న్‌లను రెండు గ్రూపులు చేసి జర్నల్ క్లబ్‌ను పరీక్షించిన ఒక రాండమైజ్డ్ ట్రయల్ 1988లో జామాలో వచ్చింది. చదివే అలవాటు మెరుగుపడింది, ఎపిడెమియాలజీ, స్టాటిస్టిక్స్ జ్ఞానం పెరిగింది. కొత్త పేపరు చేతికిచ్చి తప్పొప్పులు తేల్చమన్నప్పుడు మాత్రం రెండు గ్రూపుల మధ్య తేడా కనిపించలేదు. మనకు కావలసింది సరిగ్గా ఆ చివరిదే.

అయినా జర్నల్ క్లబ్‌ను వదిలేయమని చెప్పను. స్లయిడ్లు ఆపేసి, పేపరు ప్రింటు అందరికీ ఇచ్చి, మెథడ్స్, మొదటి ఫ్లో చార్ట్, మొదటి రెండు టేబుళ్లు మాత్రమే అక్కడికక్కడే చదివించండి. అబ్‌స్ట్రాక్ట్, డిస్కషన్ ఉన్న పేజీలు చివర్లో ఇవ్వండి. రచయితలు ఏమన్నారో తెలియక ముందు విద్యార్థి తన మాటల్లో ఒక తీర్పు రాయాలి. ఈ ఒక్క మార్పుతో గది స్వభావమే మారిపోతుంది. చర్చ తెలుగులో జరగనివ్వండి. పేపరు ఇంగ్లిషులో ఉంటుంది, పరీక్ష ఇంగ్లిషులో ఉంటుంది, కానీ తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి 'లెక్కలోంచి తప్పిపోయిన ఆ ఆరుగురు ఏమయ్యారు సార్?' అని అడగడానికి ఇంగ్లిషు అడ్డు రాకూడదు.

వార్డులో

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి, అన్నిటికంటే కష్టమైనది కూడా. పోస్టింగ్‌లో పన్నెండు పదిహేను మంది ఉంటారు. ఇద్దరిద్దరిని జతగా చేసి ఒక్కో జతకు ఒక రోగిని, ఆ రోగి వల్ల పుట్టిన ఒక ప్రశ్నను ఇవ్వండి. వారం మొదట్లో ప్రశ్న, మధ్యలో పేపరు, వారాంతంలో ఒకే ఒక్క పేజీ. ఆ పేజీలో ప్రశ్న ఏమిటి, ఏ పేపరు దొరికింది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, మన రోగికి వర్తిస్తుందా అన్న నాలుగూ ఉండాలి. దీన్ని క్యాట్ అంటారు, క్రిటికల్లీ అప్రైజ్డ్ టాపిక్‌కి పొట్టి పేరు.

ఆంధ్ర, తెలంగాణ జిల్లాల ఆసుపత్రుల్లో పురుగుల మందు తాగిన కేసు చూడని విద్యార్థి ఉండడు. అట్రోపిన్ ఎందుకో వాడికి తెలుసు. పక్కనే పామ్, అంటే ప్రాలిడాక్సిమ్ కూడా ఎక్కుతుంటుంది. 'పామ్ ప్రాణం కాపాడుతుందా?' అని ప్రశ్న ఇవ్వండి. వెతికితే రెండు ట్రయల్స్ ఎదురవుతాయి. ఒకటి మహారాష్ట్రలోని బారామతిలో 200 మంది మీద చేసి 2006లో లాన్సెట్‌లో అచ్చయింది. గంటకు ఒక గ్రాము చొప్పున 48 గంటలు ఆపకుండా ఎక్కించిన వాళ్లలో మరణాలు 1 శాతం, విడివిడి డోసులుగా ఇచ్చిన వాళ్లలో 8 శాతం. రెండోది శ్రీలంకలో 235 మంది మీద చేసి 2009లో ప్లాస్ మెడిసిన్‌లో వచ్చింది. అక్కడ పామ్ ఇచ్చిన వాళ్లలో 24.8 శాతం, సెలైన్ మాత్రమే ఇచ్చిన వాళ్లలో 15.8 శాతం చనిపోయారు.

విద్యార్థుల మొదటి స్పందన 'రెండూ ఎదురెదురుగా ఉన్నాయి' అనే. టీచర్ అక్కడ తొందరపడి జవాబు చెప్పకూడదు. ఎవరిని ఎవరితో పోల్చారో మళ్లీ చూడమనాలి. కాసేపటికి ఎవరో ఒకరు పట్టుకుంటారు: బారామతిలో అందరికీ పామ్ అందింది, అక్కడ పోలిక పామ్ ఇచ్చే రెండు పద్ధతుల మధ్య. పామ్ ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు అది నేరుగా జవాబు చెప్పదు. ఆ తర్వాత శ్రీలంక ట్రయల్ వైపు తిప్పండి. అది అనుకున్న సంఖ్య చేరకముందే ఆగిపోయింది. మరణ ముప్పు ఎన్ని రెట్లో చెప్పే హజార్డ్ రేషియో 1.69 (1 అంటే తేడా లేదని), ఇంటర్వెల్ 0.88 నుంచి 3.26. అంటే హాని ఉండవచ్చు, అసలు తేడా లేకపోనూవచ్చు. పీకోలో (రోగి, చికిత్స, పోలిక, ఫలితం అని ప్రశ్నను విడగొట్టే పద్ధతి) సీ, అంటే పోలిక, ఎందుకు ఉంటుందో, ఇంటర్వెల్ ఎందుకు చూడాలో, ట్రయల్ త్వరగా ఆపితే ఏమవుతుందో ఆ మధ్యాహ్నం వాళ్లకు అర్థమైనంతగా ఏ లెక్చర్‌లోనూ అర్థం కాదు. తాము చూసిన మనిషి ఇంకా పక్క గదిలో ఐసీయూలో ఉన్నాడు కదా. మందు నిర్ణయం యూనిట్ ప్రోటోకాల్ ప్రకారమే జరుగుతుందని, ఈ కసరత్తుతో విద్యార్థులు చికిత్స మార్చరని అదే రోజు స్పష్టంగా చెప్పాలి.

ఈ పద్ధతి లోపాలు చెప్పకపోతే పోలిక నిజాయితీగా ఉండదు. ఇష్టపడి కూర్చునే టీచర్ లేకపోతే ఇది నడవదు. ఓపీ రోజున అసలు కుదరదు, ఓపీ లేని రోజు చూసుకోవాలి. ఒక బ్యాచ్ నేర్చుకున్నది ఇంకో బ్యాచ్‌కి అందకపోవచ్చు. క్లినికల్ టీచర్‌కి స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్, ఎస్‌పీఎం టీచర్‌కి వార్డుతో రోజువారీ సంబంధం తక్కువ. అందుకే ఇద్దరినీ జత చేయండి. వారానికి ఒక గంట ఎస్‌పీఎం నుంచి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ వార్డుకి వస్తే సగం సమస్య తీరుతుంది.

ఆన్‌లైన్ కోర్సు, ఎస్‌టీఎస్ గురించి క్లుప్తంగా

చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ నడిపే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ పీజీలకు తప్పనిసరి. పాఠాలు చక్కగా ఉంటాయి. ఎంబీబీఎస్ వాళ్లను వాటిలో కొన్ని ముందు రోజు ఇంట్లో చూడమని చెప్పి, మర్నాడు క్లాసు సమయాన్ని పేపరుకి వాడుకోవచ్చు. కోర్సుని ఒంటరిగా వదిలేస్తే చివరికి సర్టిఫికెట్ మిగులుతుంది.

ఎస్‌టీఎస్ 1979 నుంచి ఉంది, రెండు నెలల ప్రాజెక్టు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నావళి నింపిన విద్యార్థికి 'లాస్ట్ టు ఫాలో అప్' (మధ్యలో తప్పిపోయినవాళ్లు) అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ అది బ్యాచ్‌లో కొద్దిమందికే అందుతుంది. ఆసక్తి ఉన్నవాళ్లను తప్పకుండా ప్రోత్సహించండి, మొత్తం క్లాసుకి దాన్ని ప్రత్యామ్నాయంగా లెక్కేయకండి.

పద్ధతి కంటే పేపరు ముఖ్యం

ఏ దారి ఎంచుకున్నా, చేతికిచ్చే పేపరు సరిగ్గా లేకపోతే శ్రమ వృథా. తాజాగా వచ్చిందని, పెద్ద జర్నల్ అని ఎంచుకోవద్దు. ఒక్కో పేపరులో ఒక్క లోపమో ఒక్క గుణమో కొట్టొచ్చినట్టు కనిపించాలి.

మొదటి పేపరుగా 2020 మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి వచ్చిన, కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చి చూసిన అధ్యయనాన్ని ఇస్తాను. మన దేశంలో కూడా ఆ మాత్రల కోసం మందుల షాపుల ముందు జనం క్యూ కట్టిన రోజులవి. మందు తీసుకున్నవాళ్లు 26 మంది, లెక్కలోకి వచ్చింది 20 మంది. మిగతా ఆరుగురిలో ముగ్గురు ఐసీయూకి వెళ్లారు, ఒకరు చనిపోయారు, ఒకరు ఆసుపత్రి వదిలి వెళ్లారు, ఒకరు వికారం వల్ల మాత్రలు ఆపేశారు. కంట్రోల్ గ్రూపులో 16 మంది. రాండమైజేషన్ లేదు. కొలిచింది ముక్కు నుంచి తీసిన శాంపిల్‌లో వైరస్ ఉందా లేదా అని. రెండో ఏడాది విద్యార్థి కూడా ఇందులో తప్పు పట్టగలడు, అందుకే మొదటి పేపరుగా ఇంతకంటే మంచిది లేదు. 2024 డిసెంబరులో దాన్ని ఉపసంహరించారు. ఆ మాట చివర్లోనే చెప్పండి.

తర్వాత, కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల ప్లాస్మాను రోగులకు ఎక్కించి మన ఐసీఎంఆర్ చేసిన ప్లాసిడ్ ట్రయల్. ప్లాస్మా దానం చేయమని పోలీసులూ సినిమా వాళ్లూ పిలుపునిచ్చిన 2020లోనే, 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ఇది జరిగింది. జబ్బు ముదరడం లేదా మరణం ప్లాస్మా ఇచ్చిన వాళ్లలో 19 శాతం, ఇవ్వని వాళ్లలో 18 శాతం. కానీ ఏడో రోజుకి ఆయాసం, నీరసం తగ్గినవాళ్లు ప్లాస్మా గ్రూపులో ఎక్కువ, వైరస్ నెగెటివ్ అయినవాళ్లు కూడా ఎక్కువ. ఇదెలా సాధ్యం అన్నదే అసలు పాఠం. ఎవరికి ప్లాస్మా ఇచ్చారో అందరికీ తెలిసిన ఓపెన్ లేబుల్ ట్రయల్‌లో నీరసం లాంటి ఫలితాన్ని ఎంత నమ్మాలి? టెస్టు నెగెటివ్ అయితే రోగి బతికినట్టేనా? 2021 మేలో జాతీయ మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించారు. తమ ఇంట్లోనో వీధిలోనో ప్లాస్మా కోసం తిరిగిన జ్ఞాపకం ఉన్న పిల్లలు ఈ పేపరును ఊరికే చదవరు.

కాస్త ముందుకెళ్లిన బ్యాచ్‌కి రెండు ట్రయల్స్ కలిపి ఇవ్వండి. 1988లో వచ్చిన ఐసిస్-2 గుండెపోటు రోగులు 17,187 మంది మీద ఆస్పిరిన్ మేలు చూపింది. మిథున, తులా రాశుల వాళ్లను విడదీసి చూస్తే మాత్రం ఆస్పిరిన్ వల్ల కొంచెం హాని జరిగినట్టు వచ్చింది. సబ్‌గ్రూపులను, అంటే రోగులను విడగొట్టి చూసిన చిన్న గ్రూపులను, ఎంత జాగ్రత్తగా చూడాలో చెప్పడానికే పరిశోధకులు ఆ లెక్క పెట్టారు. విద్యార్థులు నవ్వుతారు. అప్పుడు కోవిడ్ రోగుల మీద 2020లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ లెక్కలు ముందు పెట్టండి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మేలు లేదు, మందు ఇచ్చినవాళ్లలో 17.8, ఇవ్వనివాళ్లలో 14. ఆ సబ్‌గ్రూపులను చూసి నవ్వాం కదా, వీటిని ఎందుకు నమ్మాలి? ముందే అనుకుని చేసిన విభజనా, జీవశాస్త్రపరంగా అర్థముందా, తేడా ఒక క్రమంలో మారుతోందా అని వాళ్లే తవ్వాలి. వెంటిలేటర్ రోగుల్లో ఒక ప్రాణం కాపాడటానికి సుమారు ఎనిమిది మందికి ఇవ్వాలని, ఆక్సిజన్ రోగుల్లో సుమారు ముప్పై నలుగురికి ఇవ్వాలని లెక్క కట్టించండి. 2021 వేసవిలో ఆక్సిజన్ తగ్గకముందే ఇళ్ల దగ్గర స్టెరాయిడ్లు మింగిన వాళ్లను, తర్వాత బ్లాక్ ఫంగస్‌తో ఈఎన్‌టీ వార్డులు నిండటాన్ని మనం చూశాం. ఆ చివరి సబ్‌గ్రూపు వరుసను జాగ్రత్తగా చదవడం ఎంత అవసరమో ఇంతకంటే ఎలా చెప్పగలం?

పిల్లలకు ఇవన్నీ ఎక్కువేమో అనే టీచర్లకు ఒక్క మాట. కోవిడ్‌కి ఐవర్‌మెక్టిన్ అద్భుతంగా పనిచేసిందని చెప్పిన ఈజిప్టు ప్రీప్రింట్‌లో (నిపుణుల సమీక్ష జరగకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపరు), అధ్యయనం మొదలుకాకముందే చనిపోయిన రోగులు కూడా లెక్కలో ఉన్నారని బయటపెట్టింది లండన్‌లో ఒక వైద్య విద్యార్థి. చదవమని ఇచ్చిన పేపరుని అతను నిజంగా చదివాడు. 2021 జులైలో ఆ ప్రీప్రింట్‌ను తొలగించారు.

పేపర్లు దొరకడం గురించి దిగులు పడనక్కర్లేదు. ప్లాసిడ్, రికవరీ రెండూ ఉచితంగా దొరుకుతాయి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం వల్ల ప్రభుత్వ కాలేజీలకు చాలా జర్నళ్లు అందుతున్నాయి. ప్రైవేటు కాలేజీ అయితే పేపర్లు ఉచితంగా దొరికే పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉన్నవాటితోనే ఏడాదంతా నడపవచ్చు.

చెక్‌లిస్ట్ ఏది?

పేపరును తూచడానికి వాడే చెక్‌లిస్ట్‌లలో ఎంబీబీఎస్ వాళ్లకు క్యాస్ప్ చాలు. పదీ పన్నెండు ప్రశ్నలు, మామూలు భాష, ఉచితం. జేబీఐ అనే సంస్థ చెక్‌లిస్ట్‌లలో అధ్యయన రకాలు ఎక్కువ, కేస్ రిపోర్టుకి కూడా ఉంది, పీజీ థీసిస్ సమయంలో పనికొస్తుంది. ట్రయల్‌లో పక్షపాత ముప్పును అంచనా వేసే ఆర్‌ఓబీ 2 క్రమబద్ధ సమీక్షలు చేసేవాళ్ల పనిముట్టు, విద్యార్థి చేతికిస్తే మధ్యలోనే వదిలేస్తాడు. కన్‌సార్ట్‌ని అప్రైజల్ కోసం వాడటం చాలాచోట్ల చూస్తుంటాం, అది సరికాదు. ట్రయల్‌ను ఎలా రాయాలో అది చెబుతుంది. చక్కగా రాసిన పేపరు వెనక బలహీనమైన అధ్యయనం ఉండవచ్చు. ఏ చెక్‌లిస్ట్ తీసుకున్నా 'అవును, కాదు' టిక్కులతో ఆపనివ్వకండి. ప్రతి 'కాదు' పక్కన 'దీని వల్ల ఫలితం ఎటు వైపు వాలుతుంది?' అని ఒక వాక్యం రాయించండి.

మార్కులు ఎలా వేయాలి

పరీక్షలో లేనిది మన విద్యార్థులు చదవరు. దీన్ని తప్పు పట్టి లాభం లేదు, పరీక్షలో పెట్టడమే మార్గం. బెర్లిన్ ప్రశ్నావళిలో 15 బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి. పెద్ద బ్యాచ్‌కి దిద్దడం సులువు, కానీ అది ఎక్కువగా జ్ఞానాన్నే కొలుస్తుంది. ఫ్రెస్నో పరీక్ష రోగి కథ ఇచ్చి జవాబు రాయమంటుంది. ప్రశ్న ఎలా తయారు చేశాడో, ఎక్కడ వెతుకుతాడో, దేన్ని నమ్ముతాడో అన్నీ బయటపడతాయి. దిద్దడానికి మాత్రం సమయం, శిక్షణ ఉన్న టీచర్ కావాలి.

రెండు వందల మంది ఉన్న కాలేజీకి నేను చెప్పేది మధ్య దారి. ఎస్‌పీఎం ఇంటర్నల్ పరీక్షలో ఒక ఓస్పీ స్టేషన్ (విద్యార్థి నిర్ణీత సమయంలో ఒక పని చేసి చూపే ప్రాక్టికల్ పరీక్ష మజిలీ) పెట్టండి. సగం పేజీ అబ్‌స్ట్రాక్ట్, ఒక చిన్న టేబుల్, ఎనిమిది నిమిషాలు, మూడు ప్రశ్నలు. అబ్సొల్యూట్ రిస్క్ రిడక్షన్ లెక్క కట్టు. ఈ అధ్యయనంలో నీకు అన్నిటికంటే అనుమానం కలిగించిన విషయం ఒకటి రాయి, దాని వల్ల ఫలితం ఎటు మారవచ్చో చెప్పు. ఫలానా వయసు, ఫలానా జబ్బులు ఉన్న ఈ రోగికి ఇది వాడతావా, ఎందుకు? మూడో ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. వాడతాను అన్నవాడికీ వాడను అన్నవాడికీ కారణం సరిగ్గా ఉంటే పూర్తి మార్కులు వేయాలని దిద్దే వాళ్లందరికీ ముందే చెప్పి ఉంచండి. అబ్‌స్ట్రాక్ట్‌ను ప్రతి బ్యాచ్‌కీ మార్చండి, లేకపోతే రెండో రోజుకే జవాబులు వాట్సాప్‌లో తిరుగుతాయి.